జానయ్య డబ్బాలో రెండు కాపురాలు

నార్కట్‌పల్లి చుట్టూ ఇరవై ఊళ్లలో ఎవరి పెళ్లి ఎప్పుడైందో చేయించిన పంతులు మరిచిపోయాడు, పందిరి వేసినవాడు మరిచిపోయాడు, చేసుకున్నవాళ్లు కూడా కొందరు మరిచిపోయినట్టు తిరుగుతున్నారు. మరిచిపోనిది ఒక్కటే, జానయ్య కంప్యూటర్.

నల్లగొండ రోడ్డు మలుపులో, పంక్చర్ దుకాణానికీ మిర్చీ బండికీ మధ్య ఇరుక్కున్న చిన్న గది అది. పైన ‘మల్లన్న డి.టి.పి., పెళ్లి కార్డులు’ అని బోర్డు. ఆ బోర్డు కింద కూర్చునే జానయ్య ఇంటర్ నడుమనే బడి మానేసిన మనిషి. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, “నేను చదువును ఇడిసిపెట్టలే. చదువే నాతోని ఏగలేక ఇడిసిపెట్టింది” అంటాడు. చిన్నప్పుడు వెయ్యి గొర్రెల మందలో తమ గొర్రె ఒక్కటి దగ్గితే చాలు, కళ్లు మూసుకుని దాని చెవి పట్టుకునేవాడట. నందికొండ దగ్గర డ్యాము గేట్లన్నీ ఒక్కసారే ఎత్తిన ఏడాది ఆ తుంపర గాలికి కొట్టుకొచ్చి ఇక్కడ తన కంప్యూటర్ తెర తడిసిందట, తువ్వాలతో తుడుచుకున్నాడట. నమ్మనివాళ్లకు ఆ తువ్వాల కూడా చూపిస్తాడు.

అయితే ఒక్క మాట మాత్రం కోత కాదు. పదమూడేళ్లుగా తను కొట్టిన ప్రతి పెళ్లి కార్డూ ఆ డబ్బాలో ఉంది. రెండు వేల పైచిలుకు జంటలు. అత్తగారి ఊరి పేరు, మేనమామల వరస, సుముహూర్తం, విందు ఎక్కడ, అన్నీ. ఇంకో చోట నకలు పెట్టుకోమని ఎవరైనా చెబితే, “పెన్‌డ్రైవ్ అంగి జేబుల పడి బట్టలతోని ఉతుకుడు పోతది. డబ్బ ఏడికి పోతది?” అనేవాడు.

డబ్బాలో ఉన్నది పాత విండోస్. జానయ్య వేళ్లకు అలవాటైన పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ దాని మీద తప్ప ఇంకెక్కడా నడవదు. మొన్నటి ఎండాకాలం నుంచి ఇంకో తిప్పలు వచ్చిపడింది. ఏ దరఖాస్తు సైటు తెరవబోయినా ‘మీ బ్రౌజర్ పాతది’ అని తెర మీద రాసి, ఇక కదలదు.

“నా బ్రౌజర్ పాతదైతే నీకేం నొప్పి? నేను పాతోణ్ణి కానా? నాతోని మాట్లాడుతలేరా జనం?” అని జానయ్య తెరతో కొట్లాడేవాడు. తెర జవాబు ఇచ్చేది కాదు. దరఖాస్తుల గిరాకీ అంతా రోడ్డు దాటి అవతలి దుకాణానికి పోయేది.

హరిత చెప్పింది ఉపాయం. హరిత జానయ్య అన్న గుర్వయ్య కూతురు. నల్లగొండలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తుంది. రోజూ పొద్దున బస్సు వచ్చేదాకా చిన్నాయన దుకాణంలోనే నిలబడుతుంది. అన్నదమ్ములకు ఆరేళ్లుగా మాటల్లేవు. హరిత మాత్రం ఇద్దరి మధ్యా గాలిలా తిరుగుతుంది.

“పాతదాన్ని తీసెయ్యకు చిన్నాయిన. దాని పక్కన్నే ఇంకోటి పెడుదాం. లినక్స్ అని ఉంటది, పైసల్లేకుండ దొరుకుతది. దాంట్ల సైట్లన్నీ తెరుసుకుంటయి.”

“ఒక్క డబ్బల రెండా?”

“ఒక్క ఇంట్ల రెండు కాపురాలు లేవా? గట్లనే. డిస్కుల జర జాగ కొత్తదానికి కోసి ఇస్తం. ఆన్ చెయ్యంగనే అడుగుతది, ఎవరిని లేపాలె అని.”

జానయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ రోజు హరిత రెండు బస్సులు విడిచిపెట్టాల్సి వచ్చింది.

“రెండూ ఒక్కసారే లేస్తయా?”

“లేవయి. ఒకటి లేస్తే ఒకటి పండుకుంటది.”

“పండుకున్నోనికి లేచినోడు ఏం చేస్తుండో తెలుస్తదా?”

“తెల్వదు.”

“మరి లేచినోనికి పండుకున్నోని ఇల్లు కనిపిస్తదా?”

“అది మంచిగ అడిగినవ్. కొత్తోనికి పాతోని ఇల్లు కనిపిస్తది. లోపటికి పోయి సామాన్లు గూడ తీసుకోవచ్చు. పాతోనికి మాత్రం కొత్తోని ఇల్లు కనవడదు. ఎవరూ లేని పడావు జాగ అనుకుంటది.”

“అంటే చిన్నోడే హుషారన్నమాట.” ఇంట్లో చిన్నవాడైన జానయ్య మీసం దువ్వుకున్నాడు. “నేను ఎప్పటిసంది చెప్తలేనా!”

హరిత పెన్‌డ్రైవ్‌లో కొత్తదాన్ని వేసి తెచ్చి బల్ల మీద పెట్టింది. “రెండో శనివారం నాకు సెలవు. నేనే వచ్చి చేస్త. అప్పటిదాక ముట్టకు” అంది. ముట్టనని జానయ్య మల్లన్న మీద ఒట్టేశాడు. మల్లన్నకు జానయ్య ఒట్లు కొత్తేమీ కాదు.

శుక్రవారం పొద్దున భాగ్యశ్రీ వచ్చింది. ఆమెది పక్క ఊరు. పెనిమిటి లారీ మీద పోతాడు, ఆమె కూలికి పోతుంది. గడప ఎక్కకముందే ఆయాసంగా అడిగింది.

“అన్నా, నా పెండ్లి కార్డు నువ్వే కొట్టినవు. ఉన్నదా?”

“ఏ ఏడు?”

“పదకొండు. మాఘమాసం.”

“కడారోళ్ల పిల్లవు, గుండెబోయినోళ్లకు ఇచ్చిన్రు. విందుల మటన్ తక్కువ పడ్డదని పెద్ద లొల్లయింది. నువ్వే కదా?”

భాగ్యశ్రీ నవ్వింది గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆమెకు అంగన్‌వాడీలో ఆయా పని వచ్చేటట్టుంది. పదో తరగతి మెమోలో పుట్టింటి పేరు, కడారి. ఆధార్‌లో అత్తింటి పేరు, గుండెబోయిన. ఇద్దరూ ఒక్క మనిషేనని చూపించాలంటే పెళ్లి కార్డు జతచేయాలన్నారు. ఇంట్లో దాచుకున్న కార్డును చెదలు తినేశాయి. చుట్టాల ఇళ్లన్నీ తిరిగింది, ఎక్కడా దొరకలేదు. శనివారం సాయంత్రం ఐదు లోపల కార్డును సైటులో ఎక్కించాలి. దాటితే ఆ పని వరసలో తర్వాత ఉన్నామెకు పోతుంది.

“రేపు మధ్యాహ్నం రా చెల్లె. కార్డు తీసుడు, సైట్ల ఎక్కిచ్చుడు, రెండూ ఈడ్నే. రోడ్డు దాటే పని లేదు. జానయ్య ఉండంగ నీకు ఫికరెందుకు?”

ఆమె వెళ్లిపోయాక పాత కార్డును అప్పుడే తీసి ఒక కాగితం మీద అచ్చు కొట్టి ఉంటే ఈ కథ లేదు. జానయ్య చూపు మాత్రం బల్ల మీది పెన్‌డ్రైవ్ మీద పడింది. లోపల ఏముందో? ఎట్లా అడుగుతుందో? ఎవరిని లేపమంటావని తెలుగులో అడుగుతుందా, ఇంగ్లీషులోనా? తెల్లారితే హరితే వచ్చి చేస్తుంది. కానీ ఆమె చేస్తే చూడటమే మిగులుతుంది. చూడటానికి పుట్టలేదు జానయ్య.

పెట్టాడు. కొత్తది చక్కగా లేచి, అరిటాకు రంగు తెర పరిచి, నన్ను పాతదాని పక్కన పెడతావా, లేక జాగా నువ్వే పంచుతావా అని అడిగింది.

“పంచుడు నాకు నేర్పుతవా?” అన్నాడు జానయ్య, నేనే పంచుతానని నొక్కాడు.

తెర మీద డిస్కు నిలువునా ముక్కలై కనిపించింది. రెండు పెద్ద ముక్కలు. వాటన్నిటికీ ముందు, ఒక మూలన, ఎవరి పేరూ లేని చిన్న ముక్క. పెద్దవాటి పక్కన అది గోరంత.

దాన్ని చూడగానే జానయ్యకు ఇల్లు పంచుకున్న రోజు గుర్తొచ్చింది. వాళ్ల నాయన పోయాక పెద్దమనుషులు తాడు పట్టి కొలిచారు. ఇంటికి అటు రెండు గదులు, ఇటు రెండు గదులు. నడుమ వీధి దర్వాజా నుంచి పెరటిదాకా రెండు బారల సందు, అందరూ వచ్చేదీ పోయేదీ దాంట్లోంచే. అది ఎవరిదని అన్నదమ్ములు పొద్దంతా వాదించుకున్నారు. చివరికి ఒక ముసలాయన కట్టెతో నేల మీద కొట్టి, “నడుమ సందు ఉంచితే తగువు ఉంచినట్టే. ఎవరికో ఒకరికి కలిపెయ్యుండ్రి” అన్నాడు. చీట్లు వేస్తే సందు జానయ్యకు పడింది. దాని బదులు గుర్వయ్యకు పెరట్లో రెండు గజాలు ఎక్కువ ఇచ్చారు. గుర్వయ్య వెనక గోడ పగలగొట్టి దర్వాజా పెట్టుకున్నాడు, తమ్ముడితో మాట ఆపేశాడు. జానయ్య సందులో పాత స్కూటరూ కాగితం కట్టలూ పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఏ పంపకం మాట వచ్చినా ఆ ముసలాయన మాటే చెబుతాడు.

“మళ్ల గదే సందు!” అనుకుని ఆ గోరంత ముక్కను తీసేసి కొత్తదానికి కలిపాడు. చివరి పెద్ద ముక్కలోంచి కూడా కొంత కోసి ఇచ్చాడు. కానియ్యి అన్నాడు.

అరగంటలో కొత్తది కాపురం పెట్టేసింది. ఆపి మళ్లీ వెలిగించాడు. ఎవరిని లేపమంటావని ఎవరూ అడగలేదు. కొత్తది ఒక్కటే లేచి కూర్చుంది. మళ్లీ ఆపాడు, మళ్లీ అదే. ఆరుసార్లు ఆపి వెలిగించాడు. పాత విండోస్ జాడ లేదు.

జానయ్య బయటికి వచ్చి మిర్చీ బండి దగ్గర నిలబడ్డాడు. రెండు వేల జంటలు. ఆపైన, రేపు ఐదు గంటలకు భాగ్యశ్రీ. బండివాడు “ఏందన్నా, ఇయ్యాల కథలేం చెప్తలేవు?” అంటే, రేపు చెబుతానని దుకాణం మూసేశాడు. ఆ రోజు ఇంట్లో అన్నం ముందు పెట్టుకుని కూర్చున్న మొగుణ్ణి చూసి మల్లీశ్వరి నుదురు పట్టి చూసింది.

“జరమేం లేదు. ఏం పాడు చేసినవు?”

“ఏం చెయ్యలే.”

“నువ్వు మాట్లాడుతలేవంటేనే తెలుస్తుంది, పెద్దదే పాడు చేసినవని.”

శనివారం ఎనిమిదింటికి హరిత దుకాణంలోకి వచ్చింది. వెలుగుతున్న తెరను చూసింది. చిన్నాయన ముఖం చూసింది. ఇక ఆమెకు ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

“మల్లన్న మీద ఒట్టేసినవ్.”

“మల్లన్నతోని నేను మాట్లాడుకుంట. ముందుగాల నా పాతోడు సచ్చిండా బతికిండా చూడు.”

ఆమె కొత్తదానిలోనే ఏదో నొక్కింది. పక్కన ఒక బొమ్మ వచ్చింది. దాన్ని తెరిస్తే సంచుల్లాంటి ఫోల్డర్ల వరస. పదకొండు అన్న సంచి తెరిచింది. లోపల ‘భాగ్య పెండ్లి’, ‘భాగ్య పెండ్లి ఫైనల్’, ‘భాగ్య పెండ్లి ఫైనల్ ఫైనల్’, ‘భాగ్య పెండ్లి ఇదే ఫైనల్’.

జానయ్య బల్ల చరిచాడు. “ఉన్నయి! అన్నీ ఉన్నయి!”

“చెప్పిన కదా, కొత్తోనికి పాతోని ఇల్లు కనిపిస్తదని.”

“అయితే తీయి కార్డు!”

హరిత నొక్కింది. తెరుచుకోలేదు. ఏ పనిముట్టుతో తెరవాలో తెలియదని కొత్తది చెప్పింది. “ఇది నీ పాత సాఫ్ట్‌వేర్ల చేసిన కార్డు. పాతోడు లేస్తెనే తెరుసుకుంటది. గోడ మీదికెళ్లి చూడొచ్చు, ఆడున్నోన్ని పలకరియ్యరాదు.”

“మరి పాతోడు ఎందుకు లేస్తలేడు? ఇల్లు మొత్తం మంచిగనే ఉన్నది కదా?”

హరిత పంపకం చూసింది. ముందున్న ముక్క లేదు.

“చిన్న ముక్క ఒకటుండె. ఏం చేసినవు?”

“సందు. కొత్తదానికి కలిపిన.”

“సందు కాదు చిన్నాయిన, అది గల్మ, ఇంట్లకు పోయే దర్వాజ! ఆన్ చెయ్యంగనే కంప్యూటర్ మొదలు గా చిన్న ముక్కలకే వస్తది. ఆడికెళ్లి పాతోని ఇంట్లకు పోతది. నువ్వు గల్మ తీసేసినవు. ఇంట్ల మనిషున్నడు, సామానున్నది, పోయే తొవ్వ లేదు.”

జానయ్య తెర మీద ఆ ముక్క ఉండిన చోటును వేలితో తడిమాడు. “అంత చిన్నది, గింత పని చేస్తదా?” అన్నాడు, భయం సగం, ఆశ్చర్యం సగం.

“మళ్ల పెట్టొచ్చు. కంప్యూటర్ కొన్నప్పుడు ఇచ్చిన విండోస్ సీడీ కావాలె. యాడున్నది?”

జానయ్య నుదురు కొట్టుకున్నాడు. ఆ సీడీ నాయన ట్రంకుపెట్టెలో ఉంది. పంపకాల్లో ట్రంకుపెట్టె అన్నకు పోయింది.

“నేను తెస్త, బాపు ఏమనడు” అంటూ హరిత లేచింది. కానీ జానయ్య ఆమెను ఆపాడు. పాడు చేసింది తను, అడగాల్సింది తనే అన్నాడు. అది పౌరుషమో, ఆరేళ్లుగా గోడ అవతల ఏముందో చూడాలన్న ఆరాటమో ఆయనకే తెలియదు.

అన్న ఇల్లంటే తమ గోడకు అవతలిదే. కానీ ఆ ఇంట్లోకి పోయే తోవ ఏదో ఆరేళ్లలో జానయ్య ఒక్కసారీ చూడలేదు. వీధి చివరిదాకా నడిచాడు, బోరింగు దగ్గర తిరిగాడు, రెండు ఇళ్ల వెనకవైపు మురికికాలువ దాటాడు, ఎవరిదో పెంటకుప్ప ఎక్కి దిగాడు, గొర్రెల దొడ్డి తడిక జరిపాడు. అప్పుడు దొరికింది గుర్వయ్య దర్వాజా. దొడ్డిలో గొర్రెలు ఆయన్ని చూసి దగ్గాయి. ఏ దగ్గు ఎవరిదో జానయ్య గుర్తుపట్టలేదు.

గుర్వయ్య గడప మీద కూర్చుని గొంగడి విదిలిస్తున్నాడు. తమ్ముణ్ణి చూశాడు, విదిలించడం ఆపలేదు.

“అన్నా.”

“ఊ.”

“నాయిన ట్రంకుపెట్టెల ఒక సీడీ ఉండాలె. కంప్యూటర్‌ది. జర కావాలె.”

గుర్వయ్య లోపలికి పోయాడు. ఇనుప మూత కిర్రుమంది. బయటికి వచ్చి సీడీ చేతికి ఇచ్చాడు. తమ్ముడి పాదాల వంక చూశాడు. చెప్పుల నిండా పెంట.

“గా కుప్ప మీదికెళ్లి వచ్చినవా?”

“ఇంకో తొవ్వ లేదు కదనే.”

“అవ్, లేదు” అన్నాడు గుర్వయ్య. “ఆరేండ్లాయె గీ తొవ్వనే. అమ్మకు కాలు ఇరిగినప్పుడు గూడ మంచం మీద ఎత్తుకొని గా కుప్ప మీదికెళ్లే పోయినం, దవాఖానకు.”

అన్న దగ్గరున్న అమ్మ అప్పుడు దవాఖానాకు పోయిందని జానయ్యకు తెలుసు. ఏ తోవన పోయిందో అడగలేదు. చెప్పులను గడప పక్క రాయికి రాశాడు. సీడీ పట్టుకుని మళ్లీ పెంటకుప్ప ఎక్కాడు.

పన్నెండు గంటలకు హరిత సీడీ పెట్టింది. కొత్తదానికి కలిసిపోయిన ఆ చిన్న ముక్కను మళ్లీ వేరు చేసింది. జానయ్య ఆమె భుజం మీదుగా వంగి ప్రతి అక్షరం చదివాడు, ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. గల్మ ఎవరు కడతారు? పాతోడి సీడీయే కడుతుంది. కొత్తోడు ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటాడు, గోరంతే కదా. కట్టాక తాళం ఎవరి దగ్గర? ఎవరి దగ్గరా ఉండదు, అడిగినప్పుడల్లా తెరుచుకుంటుంది.

“చిన్నాయిన, జర ఊపిరి తీసుకోనియ్యి.”

రెండింటికి భాగ్యశ్రీ వచ్చి బయట బల్ల మీద కూర్చుంది. దారిన పోయేవాళ్లను టైమెంతయిందని అడుగుతోంది. కొంగు చివర మడుస్తూ, విప్పుతూ ఉంది. మూడున్నరకు హరిత ఆఖరిసారి ఆపి వెలిగించింది.

నల్లటి తెర మీద రెండు వరసలు. పైన కొత్తది, కింద విండోస్. పక్కన పది, తొమ్మిది, ఎనిమిది అని అంకెలు దిగుతున్నాయి. పది అంకెలు అయ్యేలోపు ఎవరిని లేపాలో చెప్పాలి.

“చెప్పు చిన్నాయిన, ఎవరిని?”

“ముందుగాల పెద్దోన్ని” అన్నాడు జానయ్య.

విండోస్ లేచింది. తన డిస్కు ఎవరో ముట్టారని అనుమానపడి కాసేపు లోపలంతా తడుముకుంది, తర్వాత మామూలుగా తెరుచుకుంది. జానయ్య వేళ్లు వాటంతటవే పాత సాఫ్ట్‌వేర్ తెరిచాయి. ‘భాగ్య పెండ్లి ఇదే ఫైనల్’. శ్రీరస్తు, శుభమస్తు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి కడారి భాగ్యశ్రీ. చిరంజీవి గుండెబోయిన వారి అబ్బాయి. కింద చిన్న అక్షరాల్లో విందు వివరం. జానయ్య దాన్ని బొమ్మగా దాచాడు. ఆపి, ఈసారి చిన్నోణ్ణి లేపాడు. చిన్నోడు గోడ అవతలికి పోయి ఆ బొమ్మను తెచ్చి సైటులో ఎక్కించాడు. పాతది అని ఎవరూ గొణగలేదు. నాలుగు నలభైకి ‘దరఖాస్తు అందినది’ అని వచ్చింది.

భాగ్యశ్రీ తెర వంక చూసి, “ఎల్లిందా అన్నా?” అని అడిగింది.

“ఎల్లింది చెల్లె. ఇద్దరు అన్నదమ్ములు కలిసి మోసిన్రు నీ కార్డు.”

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అయినా చేతులు జోడించింది. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, “మటన్ తక్కువ పడలేదన్నా, మా మేనమామ ఎక్కువ తిన్నడు” అంది.

వారం తిరక్కుండా చౌరస్తా అంతా కథ తయారైంది. జానయ్య లెక్కలో ఆ డబ్బాలో తను ఒక రాత్రి మొత్తం లోపలికి దూరి, ఇటుక ఇటుక పేర్చి గల్మ కట్టి వచ్చాడు. విన్నవాళ్లలో నలుగురు నమ్మారు, మిగిలినవాళ్లు మిర్చీలు తిన్నారు. ఎవరు దుకాణానికి వచ్చినా కంప్యూటర్ ఆపి వెలిగించి ఆ పది అంకెల తెరను చూపించి గానీ కూర్చోనివ్వడు. ఎవరిని లేపాలో గిరాకీనే అడుగుతాడు.

అలా అడిగించుకున్నవాళ్లలో గుర్వయ్య కూడా ఉన్నాడు. సీడీ కోసం వచ్చానన్నాడు. సీడీ జేబులో పెట్టుకున్నా కదలకుండా గొంగడి భుజాన వేసుకుని తెర ముందు నిలబడ్డాడు.

“దీంట్ల పెద్దోడు ఎవరు?”

“ముందుగాల వచ్చినోడు. విండోస్.”

“మరి గల్మ ఎవరిది?”

జానయ్య మౌస్ వదిలేశాడు. తెర మీద అంకెలు పది నుంచి సున్నాదాకా దిగిపోయాయి, ఎవరూ ఏమీ నొక్కకపోయేసరికి కొత్తది తనంతట తనే లేచింది. గుర్వయ్య గొంగడి సర్దుకుని వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున మల్లీశ్వరి వాకిలి ఊడ్చుతూ చప్పుడు విని లోపలికి చూసింది. జానయ్య సందులోంచి పాత స్కూటర్‌ను ఈడుస్తున్నాడు. కాగితం కట్టలు అప్పటికే గోడ పక్కకు చేరాయి. దుమ్ములో తుమ్ముతున్నాడు.

“ఏమయ్యా, ఎవరొస్తున్నరని తొవ్వ తీస్తున్నవు?”

“ఎవరో ఒకరు లేస్తరు కదనే” అన్నాడు జానయ్య. “ముందుగాల గీ స్కూటర్ ఎనక పట్టు.”